లెక్కలో వ్రాయని చేపలు

ఈ పుస్తకం చదవబోయేవారికి ముందుగా ఒక క్షమాపణ. నా తెలుగు గొప్పది కాదు. నేను అక్షరాలు దిద్దింది ముప్పై తొమ్మిదవ ఏట, రాత్రిబడిలో. పట్టా చేతికి వచ్చింది నలభై నాలుగవ ఏట. అంతకు ముందు నా చేతులకు తెలిసినవి ఇంజను విప్పడం, వల కుట్టడం మాత్రమే. కనుక ఎక్కడైనా వాక్యం బిగుసుకుపోయినా, మాట అవసరానికి మించి పెద్దదైనా, కొత్త చెప్పులు తొడిగినవాడి నడక అనుకొని సహించగలరు.

నా పేరు సూరాడ బైరాగి. వయసు నలభై ఎనిమిది. మెట్టపాలెంలో, పాత ఐసు ఫ్యాక్టరీ కట్టడంలో ఉన్న ఉప్పుకొలనుకు యంత్ర సంరక్షకుడిని. ఈ పదవికి పట్టా ఉన్నవాడు రావడం నాతోనే మొదలు.

దిగువ ఉన్నవి కొలను దినచర్య పుస్తకం నుండి ఎత్తి వ్రాసినవి. నాకు సిగ్గు తెచ్చే చోట్లు కూడా దిద్దలేదు. ఇప్పుడు కలుపుతున్న దానికి ముందు ‘ఈనాటి మాట’ అని వ్రాస్తున్నాను.

పొంగు తరువాత ముప్పై ఒకటవ ఏడు. రోహిణి కార్తె, ఐదవ రోజు

ఉదయం నీటి వేడి ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఉప్పు సరిగా ఉన్నది. నురుగు యంత్రం పక్కగోడలో పగులు మరో బెత్తెడు పెరిగింది. తారు పూసి గుడ్డ చుట్టాను. ఈ ఏడాది ఇది ఆరవ కట్టు.

ఈ యంత్రం చేసే పని చూపుకు అల్పమైనది. కొలను నీరు కింది నుండి దీనిలోకి వస్తుంది. పంపు ఆ నీటిలోకి గాలిని సన్నని బుడగలుగా కొడుతుంది. చేపలు విసర్జించినది, తినగా మిగిలిన మేత, ఒంటి జిగురు, అన్నీ ఆ బుడగలను అంటుకొని, మెడ గుండా పైకెక్కి, నురుగై గిన్నెలోకి పొర్లుతాయి. గిన్నెలో చేరే డికాషన్ రంగు ద్రవం వాసన గురించి వ్రాయడం మర్యాద కాదు. పొంగు నాటి నుండి బయటి సముద్రం ఎర్ర తెట్టు కట్టిపోయింది. దానిలో విడిచిన చేప గంటసేపు బ్రతకదు. కొలనులోని నలభై వేల లీటర్లూ వాననీటిలో మడి ఉప్పు కలిపి మేము చేసుకొన్నవే. నీరు మార్చడానికి వేరే నీరు లేనిచోట కొలను ప్రాణం ఆ గిన్నెలోనే ఉన్నదని చెప్పాలి.

గిన్నె ఎత్తి కడిగేది ఒలిశెట్టి కాసులమ్మ. వయసు డెబ్బై రెండు. పాలెంలో అందరికీ ఆమె అప్పే, నాకు కూడా. ఉదయం ఒక గిన్నె, మధ్యాహ్నం ఒకటి, దీపాల వేళకు ఒకటి, ముప్పై ఏళ్ళుగా ఆమే పారబోస్తున్నది.

దక్షిణ డిపో పడవ మృగశిరలో వస్తుంది. ఏడాదికి ఒక్కసారే. ఈసారి కొత్త యంత్రం ఒకటి మన పాలెం వంతు. ఏది కావాలో ఎంచుకొనే బాధ్యత నాది.

అప్ప గిన్నె తోముతూ, పాతదాని మెడ ఎంత వెడల్పు ఉన్నదో కొత్తదాని మెడ కూడా అంతే ఉండేలా అడగమన్నది. పాత యంత్రాన్ని నూనె డ్రమ్ములతో చేసిన సంరక్షకుడికి అక్షరం రాదనీ, దొరికిన డ్రమ్ము దొరికినట్టు బిగించాడనీ, అది కొలత కాదనీ వివరించాను.

“దొరికిందని ఎట్టీలేదురా. మూడు మెడలు కోసి పారేసి నాలుగోది ఎట్టాడు. నాను కళ్ళారా సూసినాను.”

అక్షరజ్ఞానం లేనివారు చేసిన పనిని శాస్త్రంగా తీసుకోలేమని, మృదువుగానే చెప్పాను.

“నీ పట్టాకి ముక్కుందేటిరా, బైరాగీ?” అని అడిగి, గిన్నె బోర్లించి వెళ్ళిపోయింది.

రోహిణి కార్తె, తొమ్మిదవ రోజు

ఆదివారం. పలకరింపుల రోజు. మూడు గంటల నుండి ఆరు గంటల వరకు కొలను అద్దం దగ్గర జనం. మేత రెండవ పూట ఆలస్యంగా వేశాను.

మా వదిన అసిరమ్మ వచ్చింది. మా అన్న ఎల్లాజీ పేరున్న గులివింద చేప, తోక కుడివైపు చినిగినది, అద్దం దగ్గరకు వచ్చింది. దానితో ఆమె కొత్తగా పెట్టిన మునగ మొక్క సంగతి, మేక ఈనిన సంగతి చెప్పింది. నేను దూరంగా పంపు తుడుస్తున్నాను.

ఈనాటి మాట: బయటివారు చదవవచ్చు కనుక ఆచారం చెప్పాలి. సముద్రపు పొంగు వచ్చిన రోజున వేటలో ఉన్న మా పడవలు ఇరవై రెండు. ఒక్క మనిషీ ఒడ్డుకు రాలేదు, ఒక్క శరీరమూ రాలేదు. ఆ తరువాత పోయినవారి లెక్క వ్రాసేవారు కాగితాలు పట్టుకొని మూడుసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ సంఖ్య మారింది. ఒకసారి అసలు ఆ పడవలే లేవన్నారు. అప్పుడు పెద్దలు చివరిగా బ్రతికున్న చేపలను ఈ కొలనులోకి తెచ్చి, పోయిన ప్రతి మనిషి పేరూ ఒక చేపకు పెట్టారు. ఆ చేప పోతే, పేరు మరొక పిల్లచేపకు మారుతుంది. పేరున్నదాన్ని పలకరించాలి గాని లెక్కపెట్టకూడదు. ఇది మా కట్టు. అందువల్ల కొలనుకు రెండు పుస్తకాలు ఉన్నాయి. చేపల పుస్తకంలో పేరులేని చేపల సంఖ్య ఉంటుంది. పేర్ల పుస్తకంలో పేర్లు ఉంటాయి, సంఖ్య ఉండదు.

మా అన్న పోయేనాటికి నాకు పదిహేడేళ్ళు. అతనికి ఇరవై నాలుగు. ఆ పడవలోనే కాసులమ్మ అప్ప కొడుకు దాసు కూడా ఉన్నాడు.

రోహిణి కార్తె, పన్నెండవ రోజు

డిపోవారి ఫారం రేడియోలో చదివి వినిపించగా వ్రాసుకొని, ఒక్క కొట్టివేత లేకుండా పూర్తి చేశాను. డిపోలో ఇప్పుడు రెండు యంత్రాలు ఉన్నాయి. ఒకటి సన్నమెడ, ఒకటి వెడల్పు మెడ. చేపలు తక్కువ ఉన్న కొలనుకు వెడల్పు మెడ పెడితే నురుగు గిన్నె దాకా ఎక్కదు. మెడలోనే చితికి మళ్ళీ నీటిలో పడుతుంది. చేపలు ఎక్కువ ఉన్నచోట సన్నమెడ పెడితే నురుగు బాగానే వస్తుంది గాని, రావలసినంత రాదు. కనుక పెద్దదే మంచిదనుకోవడం అజ్ఞానం. ఈ సూత్రాన్ని నేను ఒక్కసారి వినగానే గ్రహించాను.

కొలను పరిమాణం నలభై వేల లీటర్లు. చేపల సంఖ్య యాభై ఎనిమిది. ఇంజినీరు షేక్ నసీమా గారు అడిగిన ప్రశ్నలకు సమాధానాలిచ్చాను. సన్నమెడ ఖాయమైంది. ఫారం ఇంత శుభ్రంగా పూర్తి చేసినవారు ఈ తీరంలో లేరని ఆమె మెచ్చుకొన్నారు.

ఈనాటి మాట: ఆమె చివరిగా అడిగిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఆ రోజు దాన్ని పుస్తకంలో వ్రాయలేదు. దాని చోటు వచ్చినప్పుడు వ్రాస్తాను.

మృగశిర కార్తె, ఆరవ రోజు

పడవ వచ్చింది. నసీమా గారు రాలేదు. ఆమె డిపో వదలరట. యంత్రాన్ని ఎనిమిదిమంది మోసి తెచ్చారు. తెల్లని గోడ, లోపలి నీరు కనిపించే మెడ, తిప్పితే మూతలా ఊడి వచ్చే గిన్నె. మెడలో నా తల మాత్రం పడుతుంది. పాతదాని మెడను రెండు చేతులతో కౌగిలించుకోవలసి వచ్చేది.

వెడల్పు మెడ యంత్రం కూడా పడవ మీద ఉన్నది. పూడిలంకవారికి వెళ్తున్నదట. కాసులమ్మ అప్ప పడవ ఎక్కి, దాని మెడ చుట్టూ చేతులు వేసి కొలిచింది. పడవవాళ్ళు నవ్వారు.

“ఇదిరా మనది,” అన్నది. “పూడిలంకోల్లకి ఇచ్చీసినావు.”

పూడిలంక కొలను మనదానికి రెండింతలని చెప్పాను. ఆమె అది వినలేదు.

మృగశిర కార్తె, పదకొండవ రోజు

కొత్త యంత్రం గోడలకు తయారీలో అంటిన జిడ్డు వదిలేదాకా, సుమారు పది రోజులు, నురుగు సరిగా రాదని కాగితంలో ఉన్నది. రాలేదు. నీటి మట్టం ఒక వేలు తగ్గించాను, గాలి మర పావు చుట్టు విప్పాను. ఓపిక కూడా శాస్త్రంలో భాగమే.

ఆరుద్ర కార్తె, మూడవ రోజు

నురుగు వచ్చింది. చిక్కగా, ముదురుగా, మెడలో మెట్టుమెట్టుగా ఎక్కుతున్నది. ఇంత అందమైన నురుగును నేను చూడలేదు. పాతది కోపంతో కక్కేది. ఇది లెక్కగా పోస్తుంది. రోజుకు ఒక్క గిన్నె. మధ్యాహ్నం, దీపాల వేళ కడగనవసరం లేదు. కాసులమ్మ అప్పకు ఈ వయసులో విశ్రాంతి దొరికినందుకు సంతోషం తెలిపాను.

“మరి మిగిలిన రెండు గిన్నిలూ ఎటెల్తన్నాయిరా?” అన్నది.

పాత యంత్రం మురుగుతోపాటు మంచినీటిని కూడా కక్కేదనీ, కొత్తది మురుగును మాత్రమే తీస్తుందనీ చెప్పాను. గిన్నెలు పెద్దవి చిన్నవి ఉంటాయి గాని, చేపలు విసర్జించేది మారదు కదా అని ఆమె అడగలేదు. ఆమె దగ్గర ఆ మాటలు లేవు. ఆమె గిన్నె పట్టుకొని కాసేపు నిలబడి, కడగడానికి ఏమీ లేక, దాని అంచును కొంగుతో తుడిచింది.

ఈనాటి మాట: ఆ చివరి మూడు వాక్యాలు ఆ రోజు లేవు. చూశారా, ఎత్తి వ్రాస్తానని చెప్పి కూడా కలిపాను. వాటిని తీయను.

ఆరుద్ర కార్తె, పన్నెండవ రోజు

నీరు తిరిగి వచ్చే గొట్టం కింద చేపలు గుమిగూడుతున్నాయి. గాలి ఎక్కువ ఉన్నచోటు అది. వాన మబ్బు వల్ల అని వ్రాసుకొన్నాను. అద్దం మీద జిగురు ఎక్కువగా ఉన్నది. మూడు రోజులకు తుడిచేది ఇప్పుడు రోజూ తుడవవలసి వస్తున్నది. అప్ప ఒక వేలు నీటిలో ముంచి నాలుక మీద పెట్టుకొని, నా ముఖం చూసింది.

నీటిలో మురుగు చూపే పరీక్ష చుక్కలు వేశాను. పసుపు రంగు రావాలి. పసుపే, కొంచెం ఆకుపచ్చ జీర. వెలుతురు తేడా అనుకొన్నాను.

పునర్వసు కార్తె, రెండవ రోజు

ఆదివారం. వదిన వచ్చింది. అన్న పేరు చేప అద్దం దగ్గరకు రాలేదు. గొట్టం కింద గుంపులో ఉన్నది. ఆమె అరగంట నిలబడింది.

“అలిగినాడేటి మీ అన్న?” అని నవ్వింది. “నాను మేకని అమ్మీసినానని ఎవరైనా సెప్పీసినారేటి?”

నేను కూడా నవ్వాను. వాన వెలిసినాక వస్తాడని చెప్పాను. వాన అప్పటికే వెలిసి ఉన్నది.

పునర్వసు కార్తె, ఏడవ రోజు

తెల్లవారేసరికి తలుపు ముందు కాసులమ్మ అప్ప కూర్చొని ఉన్నది. లోపలికి వెళ్ళకుండానే సంగతి వాసనే చెప్పింది.

చేపలన్నీ నీటి మీద నోళ్ళు తెరిచి ఉన్నాయి. కొలను నిండా ఆ చప్పుడు, సన్నని వాన రేకు మీద పడినట్టు. ఏడు చేపలు వెల్లకిలా తేలాయి. చుక్కలు వేస్తే ముదురు ఆకుపచ్చ. పాలెంలో ఉన్న చేతి పంపులన్నీ తెప్పించి గాలి కొట్టించాను. నిలవ తొట్టిలోని ఉప్పునీరు, వర్షాకాలం అంతటికీ దాచినదానిలో ఆరువేల లీటర్లు ఒక్క పూటలో పోశాను. మేత ఆపాను. మధ్యాహ్నానికి మరో నాలుగు పోయాయి.

యంత్రం మాత్రం ఆగలేదు, తడబడలేదు. మెడలో నురుగు అందంగా, లెక్కగా ఎక్కుతూనే ఉన్నది. ఎంత ఎక్కగలదో అంత.

నసీమా గారికి రేడియో చేశాను. జరిగింది చెప్పాను.

“యాభై ఎనిమిది చేపలకి ఇట్ట కాదయ్యా. ఎంత లావువైనా కాదు. నిజం చెప్పండి, ఎన్ని ఉండాయి?”

తెలియదని చెప్పాను. నా జీవితంలో చెప్పిన అతి నిజమైన మాట అదే కావచ్చు. కొలనులో ఎన్ని చేపలు ఉన్నాయో మెట్టపాలెంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరికీ తెలియదు.

“లెక్కపెట్టి చెప్పండి. నేను లైన్లోనే ఉంటా.”

పేర్ల పుస్తకం తెరిచాను. కాసులమ్మ అప్ప పక్కన నిలబడి ఉన్నది. ఆమె నన్ను ఆపుతుందని ఎదురుచూశాను. ఆపలేదు. మొదటి పేరు మీద వేలు పెట్టాను. ఒక్కొక్క పేరూ పైకి చదివి, పేరు తరువాత సంఖ్య చెప్పాను. అలా చదివితే పలకరించినట్టు కూడా అవుతుందని నాకు నేను చెప్పుకొన్నాను. దాసు పేరు వచ్చినప్పుడు అప్ప ‘ఆఁ’ అన్నది, వాడి బదులు తాను పలికినట్టు. మా అన్నది తొంభై ఆరవ పేరు.

నూట నలభై మూడు.

పేరులేనివి యాభై ఎనిమిది. మొత్తం రెండు వందల ఒకటి. ఆ రోజుకు పోయినవి పదకొండు.



“ఆ రోజు అడిగితిని గదయ్యా,” అన్నారు నసీమా గారు. గొంతులో కోపం లేదు.

సన్నమెడ మోయగలిగేది తొంభై చేపలను. వెడల్పు మెడ పూడిలంకలో బిగించేశారు. మరొకటి రావాలంటే వచ్చే మృగశిర. దాచిన నీటిలో మిగిలింది ఎనిమిది రోజులకు సరిపోతుంది. ఎనిమిది రోజులలో వంద చేపలను తీయకపోతే అన్నీ పోతాయి. ఆమె ఈ మాటలు రెండుసార్లు చెప్పారు, నేను వ్రాసుకొన్నానో లేదో అని.

పునర్వసు కార్తె, తొమ్మిదవ రోజు

ఐసు ఫ్యాక్టరీ వాకిట్లో పాలెం అంతా కూర్చొన్నది. నేను లేచి లెక్క చెప్పాను. సంఖ్య వినగానే కొందరు చెవులు మూసుకొన్నారు.

పాలెం పెద్ద అయిన చోడిపల్లి గురువులు లేచి నిలబడ్డాడు. నా మీద ఒక్క మాట పడనివ్వలేదు.

“బైరాగి తప్పేటీ నేదు. పేర్లని ఫారంలో ఎక్కించనేదు. మన కట్టు నిలబెట్టినాడు. సదువుకున్నా గానీ మనోడు మనోడే. అది గుర్తెట్టుకోండి.”

జనం తలలూపారు. ఒక ముసలాయన నా భుజం తట్టాడు. నేను తల వంచుకొని కూర్చొన్నాను. వినయం అనుకొన్నారు.

ఈనాటి మాట: చివరి ప్రశ్న చోటు ఇది.

ఆ రోజు రేడియోలో, అన్నీ అయిన తరువాత, నసీమా గారు ఇలా అడిగారు: “ఇంతేనా అయ్యా? ఆ తొట్లో ఊపిరి పీల్చేది ఇంకేదన్నా ఉండాదా? మీ తీరం వాళ్ళకి మొక్కుబడి చేపలని, అవని ఇవని ఉంటాయంటారే.”

నాకు వెంటనే పేర్ల పుస్తకం గుర్తుకు వచ్చింది. మా అన్న చిరిగిన తోక గుర్తుకు వచ్చింది. మరిచిపోయి కాదు. కట్టు కోసమూ కాదు. కట్టు ప్రకారం కూడా సంఖ్య చెప్పకుండా, ‘లెక్కపెట్టరానివి ఉన్నాయి, ఎక్కువే ఉన్నాయి’ అని చెప్పవచ్చు. ఆ ఒక్క మాటతో ఆమె వెడల్పు మెడ పంపేవారు. కాని అంతకు రెండు నిమిషాల ముందే ఆమె నా ఫారం మెచ్చుకొన్నారు. చదువుకొన్న మనిషి నన్ను చదువుకొన్నవాడిగా చూడడం నాకు అదే మొదలు. మేము చేపలకు చనిపోయినవారి పేర్లు పెట్టి, మేక ఈనిన సంగతులు చెబుతామని ఆమెకు చెప్పాలంటే నాకు నోరు రాలేదు. ఆమె నవ్వుతారనుకొన్నాను.

“అలాంటివి మా దగ్గర లేవండీ,” అన్నాను.

వాక్యం చక్కగా వచ్చింది. ‘అండీ’ కూడా చేర్చాను.

పునర్వసు కార్తె, పదవ రోజు

ఏవి ఉండాలి, ఏవి పోవాలి అన్నదాని మీద నిన్నంతా, ఈ రోజు సగం గడిచాయి. ఎవరూ ఏ పేరూ చెప్పలేరు. చెప్పమని ఎవరూ అడగలేరు. ఈలోపు మళ్ళీ చేపలు నీటి పైకి వస్తున్నాయి.

దారి చూపింది మా వదిన. ఆమె సభలో మాట్లాడడం నేను ఎప్పుడూ వినలేదు. కూర్చొన్నచోటు నుండే, పక్కనున్న కాసులమ్మ అప్పతో అన్నట్టుగా అన్నది.

“మీ దాసూ, మా ఇంటాయనా ఒక్క పడవలోనే గదప్పా ఎల్నారు. ఒక్క సేపలో ఉండనేరా? ఇరుకు ఆలకి అలవాటే.”

అప్ప ఆమె చెయ్యి పట్టుకొన్నది. పట్టుకొనే అన్నది: “మావోడు నిద్దట్లో కాళ్ళు ఇసురుతాడే.”

“మాయన కూడా,” అన్నది వదిన.

ఎవరో నవ్వారు, ఆ వెంటనే ఏడ్చారు. ఆ తరువాత మిగిలినవారు పడవల చొప్పున విడిపోయి కూర్చొన్నారు. ఎవరి పడవలో ఎవరు ఉన్నారో ముప్పై ఒక్క ఏళ్ళ తరువాత కూడా ఒక్కరూ తడుముకోలేదు. సాయంత్రానికి నూట నలభై మూడు పేర్లు తొంభై చేపలలో సర్దుకొన్నాయి. యాభై మూడు చేపలకు రెండేసి పేర్లు. పేర్ల పుస్తకంలో ఆ మార్పులన్నీ నేనే వ్రాశాను. నా దస్తూరి బాగున్నదని గురువులు అందరికీ చూపించాడు.

పునర్వసు కార్తె, పన్నెండవ రోజు

వంద చేపలను తీశాము. వల వేసింది నేను. ముసలివాటినే తీయాలని నిర్ణయం; చినిగిన తోక గులివింద వాటిలో ఒకటి. దాని పేరు రెండు రోజుల ముందే దాసు పేరున్న పిల్లచేపకు మారింది. కనుక అది ఇప్పుడు చేప మాత్రమే. వలలో అది పెద్దగా కొట్టుకోలేదు. మనుషుల చేతులకు అలవాటు పడ్డది.

సముద్రంలో విడవడం కంటే ఇది మర్యాద అని కాసులమ్మ అప్ప తేల్చింది. ఐసు ఫ్యాక్టరీ వెనుక ఆరు పొయ్యిలు పెట్టి, చింతపండు పిసికి, పులుసు పెట్టింది. ముప్పై ఏళ్ళలోపు వారెవరూ చేప రుచి ఎరుగరు. ముళ్ళు ఎలా తీయాలో పెద్దవారు చూపిస్తున్నారు. ఒక చిన్నపిల్ల ముల్లు గుచ్చుకొని ఏడ్చి, మళ్ళీ పెట్టమన్నది.

నేను దూరంగా పంపు గదిలో ఉన్నాను. వదిన పళ్ళెం పట్టుకొని వచ్చింది. అన్నం మీద గులివింద తలకాయ ఉన్నది.

“మీ అన్న ఎప్పుడూ తలకాయి తినీవోడు కాదు. నాకే ఒగ్గీవోడు,” అన్నది. “ఈయేళ నువ్వు తిను, మరిదీ. కొలనుని నిలబెట్టినావు.”

తిన్నాను. ఆమె ఎదురుగా కూర్చొని, తినేదాకా చూసి, పళ్ళెం తీసుకొని వెళ్ళింది. బాగున్నది. అది కూడా వ్రాయాలి. చాలా బాగున్నది.

ఆశ్లేష కార్తె, ఒకటవ రోజు

చుక్కలు పసుపు రంగు. చేపలు తొంభై. చేపలు కొలనంతా పరుచుకొని తిరుగుతున్నాయి. రోజుకు ఒక గిన్నె. తొంభై చేపలకు ఒక గిన్నె సరి. యంత్రం తాను చేయగలిగింది మొదటి రోజు నుండి చేస్తూనే ఉన్నది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నసీమా గారికి రేడియో చేసి, మా ఆచారం మొదటి నుండి చివరి దాకా చెప్పాను. నవ్వలేదు. వాళ్ళ మేనమామ కూడా ఆ పొంగులోనే పోయాడట, కృష్ణ సముద్రంలో కలిసేచోట ఎక్కడో. ఆయన పేరు ఒక చేపకు పెట్టగలమా అని అడిగారు. చోటు లేదని చెప్పవలసి వచ్చింది.

మఖ కార్తె, నాలుగవ రోజు: చివరి మాట

ఇంతవరకూ పాలెంలో ఎవరికీ నేను ఆ ప్రశ్న సంగతి చెప్పలేదు. గురువులు నన్ను మెచ్చుకొన్నప్పుడు చెప్పలేదు. వదిన తలకాయ పెట్టినప్పుడు చెప్పలేదు. రాత్రిబడిలో నాకు చాలా మాటలు నేర్పారు. ‘నేను అబద్ధం చెప్పాను’ అన్న వాక్యంలో కొత్త మాట ఒక్కటీ లేదు. పట్టా లేకుండానే అనవచ్చు.

ఇక ఈ పుస్తకం ఎవరు చదవాలో వ్రాస్తున్నాను.

నా తరువాత సంరక్షకుడిగా వచ్చేవారు ఎవరైనా, డిపో ఫారం ముట్టుకోకముందు దీన్ని చదవాలి. చదివి, కొలను ఎన్ని లీటర్లని కాక, కొలనులో ఊపిరి పీల్చేవి ఎన్ని అని ముందు చెప్పాలి. పేరున్నవాటిని చెప్పడానికి సిగ్గుపడకూడదు. గిన్నె కడిగేవారు రోజుకు ఎన్నిసార్లు కడుగుతారో అడిగి, ఆ జవాబును ఫారంలో మొదటి గడిలో వ్రాయాలి. అక్కడ ఆ గడి లేకపోతే గీత గీసి చేర్చాలి.

కాని వారికంటే ముందు చదవవలసినవారు ఒకరు ఉన్నారు. మా వదిన అసిరమ్మ పోయిన కార్తెలో రాత్రిబడిలో చేరింది. ఇప్పటికి గుణింతాలు దాటి వత్తులకు వచ్చింది. ఎవరూ ఆమెకు దీన్ని చదివి వినిపించవద్దు. ఆమె తానుగా ఈ పేజీ దాకా వచ్చేవరకు పుస్తకం గిన్నెలు కడిగే గది గూటిలో, కాసులమ్మ అప్ప దగ్గర ఉంటుంది. అప్పకు చదువు రాదు. కాని ఏమి వ్రాశానని ఆమె అడగలేదు, కనుక ఆమెకు తెలుసుననుకొంటాను.

వదినా, నువ్వు చదవగల మాటలతోనే ఇది.

ఇంకా ఉన్నాయా అని డిపో ఆవిడ అడిగింది. లేవు అన్నాను. అన్న ఉన్నాడు. నాకు తెలుసు. లేడు అన్నాను.

చదివాక దీన్ని ఎవరికి ఇవ్వాలో నువ్వే చెప్పు.